నుదుట పేలిన బుడ్డ

1963 అక్టోబరులో, కృష్ణపట్నం దగ్గర మా పల్లెలో నాకు పెళ్లిచూపులు. నాలుగింటికి వస్తామన్న మగపెళ్లివారు మూడింటికే బండి దిగారు. అప్పుడు నేను చేనిగట్టున బుడ్డబూసర కాయలు కోస్తున్నాను. పలుచని బుడ్డలో గోళీ అంత పండు ఉంటుంది. బుడ్డను నుదుటికేసి టప్పున పేల్చి, పండు తినడం మా అలవాటు.

అమ్మ కేక విని పరుగెత్తాను. చీర మార్చుకునే వ్యవధి లేదు, అద్దమూ చూసుకోలేదు. కాళ్లు కడుక్కుని కాఫీ పళ్లెంతో వెళ్లాను.

నన్ను చూడగానే పెళ్లికొడుకు మేనత్త మొహం చిట్లించింది. "ఏంది వదినా, పిల్ల బొట్టు చెరుపుకొని ఉండాది! శకునం బాగలేదు, లేద్దాం పదండి."

నాన్న తల దించుకున్నారు. నేను పళ్లెం కింద పెట్టేశాను.

పెళ్లికొడుకు తల్లి మాత్రం దగ్గరికొచ్చి, నా నుదుటికి అంటిన బుడ్డ తునక తీసి చూసింది. "బుడ్డబూసర గదా! ఇంకా ఉండాయామ్మే?"

కొంగుముడి విప్పి చూపించాను. ఆమె ఒకటి తీసి, బిగుసుకుని కూర్చున్న కొడుకు నుదుటిమీద టప్పున పేల్చింది. ఆయన ఉలిక్కిపడ్డారు.

"చూడు, వీడికి నువ్వు పెట్టిన బొట్టూ చెరిగింది. ఇద్దరికీ సరిపోయింది పో," అంది ఆడబిడ్డతో. మేనత్తతో సహా అందరూ నవ్వేశారు.

ఆమె ఇరవై రెండేళ్లు నాకు అత్తగారు. ఇప్పటికీ వానలకు పెరట్లో ఆ మొక్క మొలిస్తే ఎవరినీ పీకనివ్వను. మొదటి కాయ ఆమె పేరున పేల్చి తింటాను. ఆ తర్వాత మాత్రం తప్పకుండా అద్దం చూసుకుంటాను.