మాబు గారి చేతిలో జరిగిన తప్పు

బందరులో వైరింగ్ కాంట్రాక్టరు మాబు గారికి ఒకటే జబ్బు. కొత్త ఇంటి గోడకి ఉలి తగిలించే ముందు, ఆ ఇంట్లో ఉండబోయే వాళ్ళందరి చేతా అక్కడే, ఆ ఇసకలోనే, ఒక రోజు కాపురం చేయించి చూస్తారు. తలుపులుండవు, కిటికీలుండవు, గచ్చుండదు. అయినా సరే నిద్ర లేవాలి, పళ్ళు తోముకోవాలి, వంట చెయ్యాలి, అన్నం తినాలి, మళ్ళీ పడుకోవాలి. అన్నీ ఉత్తుత్తివే. ఆయన ఎర్ర చాక్‌పీసు పట్టుకుని వెనకాలే తిరుగుతూ, ఎవరి చెయ్యి ఎక్కడికి వెళ్తే అక్కడ గోడ మీద ఒక గుండ్రం చుడతారు. అది స్విచ్ బోర్డు.

ఇంజనీరు ప్లాను చూపిస్తే తల అడ్డంగా ఊపుతారు.

"గదులున్నాయండీ ఇందులో. మనుషులేరీ?"

పనివాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ వినయాన్ని రెండు వాక్యాలు పొగడడం మనవాళ్ళకి ఒక ఆచారం. నాకా బాధ లేదు. మాబు గారికి వినయం లేదు. "మాబు చేతిలో తప్పు జరగదు" అనే మాటని ఆయన నమస్కారం బదులు వాడతారు. వచ్చేటప్పుడొకసారి అంటారు, వెళ్ళేటప్పుడొకసారి అంటారు, మధ్యలో టీ ఇస్తే ఇంకోసారి అంటారు.

బట్టల కొట్టు శేషగిరిరావు గారు భారీ మనిషి. బజారులో ఆయన నడిచొస్తుంటే ఆటోలు పక్కకి తప్పుకుంటాయి. ఆయన్ని మాబు గారు పడగ్గది ఇసకలో జేబురుమాలు పరిచి పడుకోబెట్టారు.

"ఉక్కపోస్తోందండీ. ఫ్యాను పెంచండి."

శేషగిరిరావు గారు చెయ్యి చాపారు.

"అలా కాదండీ, నిద్రమత్తులో చాపండి."

"మత్తులో ఎలా చాపుతారయ్యా?"

"పడుకునేది మీరు, నన్నడుగుతారేంటండీ?"

ఆ మత్తు కోసం శేషగిరిరావు గారు చిత్తశుద్ధితో కళ్ళు మూసుకుని, నిజంగానే నిద్రపోయారు. గురక మొదలైంది. మాబు గారు తాపీమేస్త్రీలకి సైగ చేసి పని ఆపించారు. గురక ఏ పక్కకి తిరిగి పెడుతున్నారో చూసి, ఆ పక్కన గుండ్రం చుట్టారు. "ఇంత బాగా చేసినవాళ్ళు బందర్లో లేరండీ" అని ఇప్పటికీ చెబుతారు.

షాహిదా గారింట్లో కోడలు మెహక్‌ని లేని పొయ్యి ముందు నిలబెట్టారు. ఆ అమ్మాయి లేని గిన్నెలో లేని పప్పు కలుపుతుంటే, షాహిదా గారు లేని కుర్చీలోంచి ఉప్పెక్కువైందన్నారు.

"ఇంకా ఉప్పే వెయ్యలేదు కదా అత్తమ్మా."

"వేసేటప్పుడు ఎక్కువేస్తావులే."

పప్పు ఉత్తుత్తిదే గాని పోట్లాట అసలుదే. ఇటుకలు అందిస్తున్న కూలీలు కూడా రెండు పార్టీలుగా చీలిపోయారు. ఈలోపు మాబు గారు వంటింట్లో ఎదురెదురు గోడల మీద రెండు గుండ్రాలు చుట్టి వచ్చారు. "మిక్సీకొకటి, అత్తగారికొకటి. మధ్యలో ఇంకో గోడ ఉంటే మంచిదే గానీ, అది నా డిపార్టుమెంటు కాదండీ" అన్నారు.

ఆడిటర్ తాహిర్ గారు ఒక్కరే ఒప్పుకోలేదు. "నేను డ్రామాలాడను. అందరికీ ఎక్కడ పెడతారో నాకూ అక్కడే పెట్టండి" అన్నారు. పెట్టారు. ఇప్పుడు తాహిర్ గారి పడగ్గదిలో లైటు స్విచ్ బీరువా వెనక ఉంది. రోజూ సాయంత్రం ఆయన గొడుగు కొన లోపలికి దూర్చి లైటు వేసుకుంటారు. ఆ గొడుగు వానలో తడవగా నేను చూడలేదు.

"ఇది మీ తప్పు కాదా?" అని మాబు గారిని అడిగాను.

"బీరువా తెరిచినట్టు ఆయన నటించాడా? లేదు. నాకేం తెలుస్తుంది? మాబు చేతిలో తప్పు జరగదండీ."

ఇలాంటి మనిషిని కోడూరులో మా దేవసహాయం మావయ్య కట్టుకుంటున్న ఇంటికి తీసుకెళ్ళింది నేనే.

మావయ్య హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. చర్చిలో పెద్ద. నిటారు మనిషి, నిటారు మాట. పాస్టరు గారు ఆమెన్ అన్నాక కూడా ఆయన కళ్ళు తెరవరు. అది భక్తి అని కోడూరంతా మెచ్చుకుంటుంది. ఫోను చేస్తే ఎత్తరు గాని, మెసేజి పెడితే కామాలూ ఫుల్‌స్టాపులతో సహా జవాబిస్తారు. ఉద్యోగమంతా అద్దె ఇళ్ళలో గడిపి, చివరికి సొంత స్థలంలో స్లాబ్ వేశారు. సంతోషించాల్సిన సమయం. కాని వెంకాయమ్మ అత్త నాతో వేరే మాట చెప్పింది.

"ఇల్లు కట్టుకోనివ్వు క్రాంతీ. కొత్తింటి ప్రార్థన అయిన మర్నాడు నేను గుడివాడ వెళ్ళిపోతాను, మా చెల్లెలు మేరీ దగ్గరికి."

"ఎన్నాళ్ళకి?"

"ఎన్నాళ్ళేంటి, ఉండిపోతాను. మాట్లాడేశాను కూడా. పిలిస్తే పలకని మనిషితో అంత కొత్తింట్లో నేనేం చెయ్యను? గోడలతో చెప్పుకోనా? రిటైరైన దగ్గర్నుంచీ ఇదే వరస. ఎదురుగా వెళ్ళి నిలబడితే తప్ప నోరు విప్పరు. హెడ్మాస్టరు కుర్చీ స్కూల్లో వదిలి రావాల్సింది, ఇంటికి తెచ్చుకున్నారు."

అత్త అప్పటికే పిలవడం మానేసింది. ఏం చెప్పాలన్నా నా మీదుగానే చెప్పేది. నేను లేని రోజుల్లో పాలబ్బాయి మీదుగా చెప్పేదట.

మాబు గారు బండి దిగి, ఇల్లంతా ఒకసారి తిరిగి, కాపురం మొదలుపెట్టమన్నారు. మావయ్య కళ్ళజోడు సర్దుకున్నారు.

"అంటే నేను వేషం వెయ్యాలా?"

"వేషం కాదు మాస్టారూ. మీరు మీరుగానే ఉండండి. మీ గదిలో కూర్చుని పేపరు చదవండి చాలు."

ఎలాగూ చేసే పనే కాబట్టి మావయ్య ఒప్పుకున్నారు. గదిలో సిమెంటు బస్తా మీద, గుమ్మానికి వీపు పెట్టి, లేని పేపరు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. అంత గంభీరంగా కూర్చునేసరికి నాకు హెడ్‌లైన్లు కనిపించినంత పనైంది. అత్త వంటింట్లో నిలబడింది.

"అక్కయ్యా, టీ కాగింది. మాస్టార్ని పిలవండి."

"నేను పిలవను తమ్ముడూ. పలకరు."

"ఉత్తుత్తికేగా. పిలవండి."

అత్త చుట్టూ చూసింది. తాపీమేస్త్రీలు గోడకి కట్టిన సారవ కర్రల మీద నుంచి తొంగి చూస్తున్నారు. ఇంతమందిలో ఏమనుకుందో, కొంగు సర్దుకుని, "ఏమండీ, టీ" అంది.

మావయ్య పేజీ తిప్పారు.

"ఏమండోయ్, టీ చల్లారిపోతోంది."

మావయ్య ఇంకో పేజీ తిప్పారు.

"చూశారా? నాటకంలో కూడా పలకరు" అంది అత్త.

సారవ మీద నవ్వులు. నేనూ నవ్వాను. మాబు గారు గేటు దగ్గరికి వెళ్ళి, కాలింగ్ బెల్ బదులు తనే నోటితో "టింగ్ టాంగ్" అన్నారు. పక్కింటి కుక్క మొరిగింది. మావయ్య పేజీ తిప్పారు. మాబు గారు ఇంకాస్త దగ్గరికొచ్చి, గుమ్మంలో నిలబడి మళ్ళీ "టింగ్ టాంగ్" అన్నారు. అది బెల్లులా లేదు, బస్సు హారన్‌లా ఉంది. మావయ్య మీద దాని ప్రభావం లేదు. అంతలో మాబు గారి చంకలో ఉన్న ఇనప పైపుల కట్ట జారి, మావయ్య వీపు వెనకే దబేలున కిందపడింది. నేను ఎగిరిపడ్డాను. సారవ మీద ఒకాయన చేతిలో తాపీ జారవిడిచాడు. మావయ్య తీరిగ్గా వేలు తడి చేసుకుని, ఆటల పేజీకి వచ్చారు.

మాబు గారు వంగి పైపుల కట్ట ఎత్తుకున్నారు. తర్వాత చుట్టూ తిరిగొచ్చి మావయ్యకి ఎదురుగా నిలబడి, "మాస్టారూ, అక్కయ్య టీకి పిలుస్తున్నారు" అన్నారు.

"తెలుసు. వార్త ముఖ్యమైంది, పూర్తి చేసి వెళ్దామనుకున్నాను" అన్నారు మావయ్య పేపరు మడుస్తూ.

మళ్ళీ అందరూ నవ్వారు. మాబు గారు మాత్రం నవ్వలేదు. చాక్‌పీసు జేబులో పెట్టుకుని, "ఇంక చాలండీ" అన్నారు. నేను చూసిన కాపురాల్లో మధ్యలో ఆపేసినది అదొక్కటే. మావయ్య ఆయన్ని కూడా విసిగించేశారనుకున్నాను.

గృహప్రతిష్ఠ ప్రార్థన నాటికి అత్త బట్టల సంచీ సర్ది గుమ్మం పక్కన పెట్టింది. వచ్చినవాళ్ళందరూ సంచీ చూశారు, రొయ్యల ఇగురు మెచ్చుకున్నారు. భోజనాలయ్యాక మావయ్య తన గదిలో కుర్చీలో కూర్చుని నాకు పుస్తకాలు చూపిస్తున్నారు. ఆలస్యంగా వచ్చిన సోమేశ్వరరావు గారు, ఒకప్పుడు మావయ్య స్కూల్లోనే లెక్కల మాస్టారు, గేటు దగ్గర బెల్లు నొక్కారు.

టింగ్ మంది. అదే క్షణంలో, మావయ్యకి ఎదురుగా పుస్తకాల అల్మారా పైన, ఒక ఎర్ర బల్బు వెలిగింది.

మావయ్య తల ఎత్తారు. "ఇదేంటి?" అని లేచి, కిటికీలోంచి బయటికి చూసి, గబగబా వెళ్ళి గేటు తీశారు.

"ఇదేం వింత మాస్టారూ, బెల్లు కొట్టగానే మీరే వచ్చారు" అన్నారు సోమేశ్వరరావు గారు.

వరండాలో పడక్కుర్చీకి ఎదురుగా కూడా ఒక ఎర్ర బల్బు ఉంది. భోజనాల గదిలో ఇంకోటి. అందరూ చూస్తుండగా మావయ్య భోజనానికొచ్చిన మాబు గారిని పిలిచి, ఇవి నేనడగలేదు కదా అన్నారు.

మాబు గారు తల వంచుకున్నారు. తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన మాట అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

"తప్పు జరిగింది మాస్టారూ. బెల్లు వైరు తీసుకెళ్ళి లైటు పైపులో లాగేశాను. ఇప్పుడు పీకాలంటే గోడలు పగలగొట్టాలి."

"వద్దు వద్దు" అన్నారు మావయ్య.

అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. "మరి నా పొయ్యి పక్కన బెల్లు స్విచ్ ఎందుకుంది తమ్ముడూ?"

"అది ఇంకా పెద్ద తప్పు అక్కయ్యా. ఇంకో గేటుంటుందనుకున్నాను."

"వంటింట్లో గేటా?"

"అందుకే తప్పన్నాను."

అత్త లోపలికి వెళ్ళింది. కాసేపటికి బెల్లు మోగింది, ఎర్ర బల్బు వెలిగింది. మావయ్య గేటు వైపు చూశారు, ఎవరూ లేరు. పొయ్యి పక్క స్విచ్ గుర్తొచ్చి వంటింట్లోకి నడిచారు.

"ఏంటి వెంకాయమ్మా, పిలిచావా?"

అత్త చేతిలో గరిటె. ఆ మనిషి నిజంగా వచ్చి నిలబడతారని అనుకున్నట్టు లేదు.

"ఏం లేదు. చారులో ఉప్పు చూడండి" అంది.

భోజనాలు ఎప్పుడో అయిపోయాయి. అయినా మావయ్య చూశారు. సరిపోయిందన్నారు.

నేను మాబు గారిని బండి దగ్గర పట్టుకున్నాను. "ఆ పైపులు జారాయా, జారవిడిచారా?"

"మాబు చేతిలోంచి పైపులు జారతాయాండీ?"

"మరి మావయ్యకి వినపడటం లేదని అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఎవరికి చెప్పమంటారు? సారవ మీద నవ్వే వాళ్ళకా? లైటు పెడతాను మాస్టారూ అంటే, ఎందుకయ్యా అంటారు. ఎందుకో నేను చెప్పాలి, ఆయన కాదనాలి, నేను అవుననాలి. ఇంత రాద్ధాంతం దేనికండీ? తప్పంటే ఒక్క ముక్కలో పోయింది." బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపారు. "బందర్లో మాత్రం చెప్పకండి. నా పేరు పోతుంది."

మర్నాడు గుడివాడ నుంచి మేరీ పిన్ని ఫోను చేసింది. "ఇక్కడ పని తెమలటం లేదే, తర్వాతొస్తాలే" అంది అత్త. సంచీలో బట్టలు కొత్త బీరువాలోకి వెళ్ళాయి. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "చెవి డాక్టరు అవనిగడ్డలో ఉన్నాడా, బందరు వెళ్ళాలా?" అని అడిగింది. "మెల్లిగా తీసుకెళ్తాలే. ముందు నా కళ్ళకి అని చెప్పి బయల్దేరదీస్తాను. ఇన్నాళ్ళూ పొగరనుకున్నాను క్రాంతీ. పొగరే, కాదనను. కానీ అది వేరే చోట ఉంది."

పోయిన ఆదివారం కోడూరు వెళ్ళాను. వరండాలో మావయ్య పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముందుకు వంగి, రహస్యంగా చెప్పారు.

"ఒరేయ్ క్రాంతీ, ఆ మాబు మంచి పనివాడే. కానీ చూశావా, ఎంత పొరపాటు చేశాడో? నేనొక్క మాట కూడా అనలేదు. తన చేతిలో తప్పు జరగదని చెప్పుకుని బతికే మనిషి, పాపం. నలుగురిలో ఎందుకు చిన్నబుచ్చాలి? నువ్వూ ఎక్కడా అనకు."

అననన్నాను.

అంతలో ఎర్ర బల్బు వెలిగి ఆరింది. మావయ్య లేచి చెప్పులు వెతుక్కున్నారు.

"టీ ఏమో" అన్నాను.

"కాదురా. టీ అయితే రెండుసార్లు వెలుగుతుంది. మీ అత్తే పెట్టింది ఈ లెక్క."

"మరి ఒక్కసారి వెలిగితే?"

"ఊరికే" అన్నారు మావయ్య, లోపలికి నడుస్తూ.