నాగయ్య పేరున్న చెంచాలు

మూడు వారాల్లో సంతోషి ముప్పై ఒక్క చెంచాలు విరగ్గొట్టింది. వంచింది మాత్రం ఒక్కటీ లేదు.

విరగ్గొట్టడానికి కోపం చాలు. అది ఆమె దగ్గర కావలసినంత ఉంది. కానీ చూసేవాళ్ల కళ్ల ముందు, రెండు వేళ్లతో మెల్లగా నిమురుతుంటే, చెంచా వడలిన తోటకూర కాడలా తల వాల్చాలి. అట్లాంటి చెంచా ఇంతవరకు ఆమె చేతికి చిక్కలేదు.

గరిడేపల్లి మండలంలోని ఒక హైస్కూల్లో ఆమె ఫిజికల్ సైన్స్ టీచరు. కోదాడ నుంచి రోజూ బస్సులో పోయి వస్తుంది. పుట్టింది నిడమనూరులో, నాట్లకు పోయే ఇంట్లో. బీఈడీ చదివేటప్పుడు కూడా సెలవుల్లో తల్లితోపాటు మడిలో దిగింది. ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది. రెండోసారి చెప్పాల్సి వస్తే ఆమె ముక్కుపుటాలు అదురుతాయి. ఆ సంగతి బడిలో పిల్లలందరికీ తెలుసు. ఇంట్లో అత్త సైదమ్మకూ తెలుసు గాని, ఆమె దాన్ని లెక్కపెట్టలేదు.

సైదమ్మకు ఎనిమిదేళ్లుగా షుగరు. వానాకాలం మొదట్లో పక్కింటి జంగమ్మ ఆమెను ఆటో ఎక్కించుకుని మిర్యాలగూడ అవతల ఎవరో స్వామి దగ్గరకు తీసుకుపోయింది. సాయంత్రం తిరిగొచ్చిన సైదమ్మ కాళ్లు కూడా కడుక్కోకుండా గోళీల డబ్బా తీసి బీరువా మీదకు విసిరింది.

"స్వామి గోళీలు బందు పెట్టమన్నడు."

"ఎందుకు?"

"చెంచ వంచిండు బిడ్డా, నా కండ్ల ముందల్నే. గిట్ల రెండేళ్లతోని రాస్తాంటే తల వాల్చింది. పట్టుకుని సూస్తే ఎచ్చగున్నది. 'అవ్వా, ఇనుమే నా మాట ఇన్నది, నీ ఒంట్ల సక్కెర ఇనదా?' అన్నడు."

"అత్తమ్మా, స్టీలు వేరు, రక్తంలో షుగరు వేరు. రెంటికీ ఏం సంబంధం?"

"నీకు తెల్వదు తియ్యి. నువ్వు సదువుకున్నవ్."

ఊళ్లలో నాట్లు పూర్తయ్యేసరికి సైదమ్మ కుడికాలి బొటనవేలి పక్కన చెప్పు ఒరుసుకుని పుండు పడింది. అది మానలేదు. కోదాడలో డాక్టరు షుగరు చూశాడు. మూడు వందల నలభై. "నెల రోజులు చూద్దాం. తగ్గకపోతే వేలు తీసెయ్యాలి. వేలితోనే ఆగుద్దని నేను మాటివ్వలేను," అన్నాడు. డాక్టరు ముందు బుద్ధిగా తల ఊపిన సైదమ్మ ఆ రోజు నుంచి గోళీ నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, పెరట్లోకి పోసాగింది. వారం తర్వాత మందారం కుండీలో మట్టి గుల్ల చేస్తుంటే సంతోషికి కరిగీ కరగని గోళీలు దొరికాయి. ఒకనాడు పొడి చేసి పప్పులో కలిపింది. సైదమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకు జరిపింది. "నీ సైన్సు నా పప్పుల ఎయ్యకు" అంది.

భర్త ప్రశాంత్ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరు. ఎప్పుడు చూసినా డ్యూటీకి పోతుంటాడు, లేకపోతే డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటాడు.

"నువ్వే చెప్పరాదు. నీ మాటంటే అమ్మకు బుగులు," అన్నాడు దుప్పట్లోంచి.

"బుగులుంటే గోళీలు కుండీల ఎందుకు పడ్తయి?"

"నన్ను నడుమ లాగకు," అని అటు తిరిగాడు.

అప్పుడు ఆమెకు మహేందర్ సార్ గుర్తొచ్చాడు. సూర్యాపేటలో ఉంటాడు, రిటైరైన టీచరు. బాబాల మాయలన్నీ స్టేజీ మీద చేసి చూపించి, అవి ఎట్లా చేస్తారో పిల్లలకు విప్పి చెబుతాడు. రెండేళ్ల కింద వాళ్ల బడికీ వచ్చాడు. చెంచా తన చేతిలో కూడా వంగుతుందని చూపిస్తే అత్తకు స్వామి మీద నమ్మకం పోతుంది, నమ్మకం పోతే గోళీ లోపలికి పోతుంది. సంతోషి లెక్క ఇంతే. తప్పు పట్టడానికి వీల్లేని లెక్క.

ఆదివారం సూర్యాపేట బస్సెక్కింది. మహేందర్ సార్ నేర్పే పద్ధతి ఏమిటంటే, గంటసేపు ఛాయ్, పాత ముచ్చట్లు, చివర పది నిమిషాలు చెంచా.

"సార్, నేర్పుతారా లేదా?"

"గదే నేర్పుతున్ననమ్మా. తొందర కనవడొద్దు. నీ మొఖం జూస్తె చెంచకే భయమైతది. ముందుగాల ఫోర్కుతోని అలవాటు చెయ్యి. ఒక్కొక్క పల్లు ఒక్కొక్క దిక్కు తిప్పితే జనం నోరు తెరుస్తరు."

"మా ఇంట్ల ఫోర్కు లేదు సార్. తెచ్చినా మా అత్తమ్మ దువ్వెన అనుకుంటది."

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నెలరోజుల గడువులో ఒక ఆదివారం ఫోర్కు పాలైంది.

అసలు కిటుకు చిన్నది. చెంచాను మెడ దగ్గర ముందే ఎవరూ చూడకుండా ఇటూ అటూ వంచాలి. వంచిన కొద్దీ మెడ వేడెక్కుతుంది. ఒక దశలో అక్కడ లోహం మీద వెంట్రుకంత గీత కనిపిస్తుంది. అక్కడ ఆపాలి. ఇంకొక్కసారి వంచితే విరుగుతుంది, ఒకసారి తగ్గితే వంగదు. తర్వాత ఆ గీత మీద బొటనవేలు ఉంచి జనం ముందు నిమిరితే చాలు. లోహం కూడా అలసిపోతుందని తొమ్మిదో తరగతి పిల్లలకు ఆమే స్వయంగా చెప్పింది. చెప్పడం సులువు. ఎన్నోసారికి అలసిపోతుందో ఏ చెంచా చెప్పదు. ఒకటి పన్నెండుకే విరిగింది, ఇంకొకటి ముప్పైకీ మొండికేసింది. స్టాఫ్‌రూంలో తోటి టీచర్లు తమ టిఫిన్ డబ్బాల్లో చెంచాలు ఉన్నాయో లేవో చూసుకోవడం మొదలుపెట్టారు. నెల గడువు దాటింది. "ఇంకో పదిహేను రోజులు. అంతే," అన్నాడు డాక్టరు పుండును చూసి.

ముప్పై రెండోది కుదిరింది. గీత పడింది, మెడ నిలిచింది. దాన్ని విభూతిలా పొట్లం కట్టి ఇంటికి తెచ్చింది.

ఆదివారం పొద్దున సైదమ్మ చాప మీద కూర్చుని కాలు చాపుకుని ఉంది. సంతోషి ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మా, మీ చేత్తో మీరే ఒక చెంచా ఇయ్యండి."

సైదమ్మ అనుమానంగా చూసి, స్టాండులోంచి ఒకటి తీసిచ్చింది. సంతోషి కొంగుతో తుడుస్తున్నట్టు తుడిచి, దాన్ని ఒళ్లో జార్చి, సిద్ధం చేసిన చెంచా పైకి తీసింది. మహేందర్ సార్ చెప్పినట్టే తొందరపడలేదు. నిమిరింది. చెంచా మెల్లగా తల వాల్చింది. మూడు వారాల్లో మొదటిసారి.

సైదమ్మ చెయ్యి చాపి ఆ చెంచా తీసుకుంది. వంగిన చోటు చూడనే లేదు. కాడ మీద బొటనవేలు అటూ ఇటూ రాసింది.

"గిది ఎవలది?"

"అంటే?"

"మీ మామ పేరేది? నేనిచ్చిన చెంచ మీద మీ మామ పేరున్నది. దీని మీద లేదు. నా చెంచ యాడ దాసినవ్?"

నాలుగేళ్ల కింద మామ నాగయ్య పోయినప్పుడు, దినాలకు వచ్చిన చుట్టాలకు పంచడానికి స్టీలు గిన్నెలూ చెంచాలూ కొని, ప్రతి దాని మీదా ఆయన పేరు కొట్టించింది సంతోషే. పంచగా మిగిలిన చెంచాలే ఇంట్లో వాడుతున్నవి. చదువు రాని సైదమ్మకు ఆ చుక్కల గీతలు కంటితో కాదు, వేలితో తెలుసు. నాలుగేళ్లుగా ఛాయ్ కలిపిన ప్రతిసారీ ఆమె వేలు ఆ పేరు మీదే ఉంటుంది. ఎవరి ఇంట్లోనైనా సాగే మోసం ఈ ఇంట్లో సాగదు. ఫిజికల్ సైన్స్ టీచరుకు ఈ ఒక్క సంగతి తట్టలేదు.

ఒళ్లోంచి పేరున్న చెంచా కింద పడి ఖంగుమంది.

"స్వామి గిట్ల చెంచలు మార్చలే," అంది సైదమ్మ.

సోమవారం సంతోషి పేరున్న చెంచానే ఒకటి బ్యాగులో వేసుకుని బడికి పోయింది. స్టాఫ్‌రూంలో అందరూ క్లాసులకు వెళ్లాక బయటకు తీసింది. మెడ మీద వేలు పెట్టాక మాత్రం చెయ్యి ఆడలేదు. మామ సాగర్ ఎడమ కాలువ మీద నీళ్లు వదిలే లస్కరుగా చేసిన మనిషి. నీళ్ల వంతు రాకముందు తూము తియ్యమని ఎంత పెద్ద రైతు వచ్చినా తియ్యలేదు. కోడిని తెచ్చి గుమ్మంలో కట్టేసి పోతే, ఆ కోడిని చంకన పెట్టుకుని నాలుగు మైళ్లు నడిచిపోయి తిరిగిచ్చి వచ్చాడు. సంతోషి బీఈడీ చదివిన పిల్ల అని చెప్పి ఈ సంబంధం పట్టుబట్టి చేసుకున్నది కూడా ఆయనే. ఆయన పేరును ఇటూ అటూ వంచడానికి ఆమె సైన్సు ఏమీ అడ్డు చెప్పదు. అయినా ఆమె కిటికీలోంచి గ్రౌండు వైపు చూసి, "ఏమనుకోకండి మామా" అంది. అన్నందుకు తన మీద తనకే చిరాకేసింది. పద్దెనిమిదోసారికి గీత పడింది.

మర్నాడు పొద్దున మళ్లీ ఎదురుగా కూర్చుంది. ఈసారి ముందే చెంచా సైదమ్మ చేతికిచ్చింది. "చూసుకోండి. పేరుందా?"

సైదమ్మ వేలు రాసింది. "ఉన్నది."

సంతోషి తీసుకుని నిమిరింది. మెడ వాలింది. వాలి, వాలి, తెగి, గుంట భాగం చాప మీద పడింది. సైదమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఇప్పుడు వినండి. దీంట్ల ఏ మహిమా లేదు. నిన్న బడిలో కూసోని పద్దెనిమిది సార్లు వంచిన. లోపల సగం తెగింది. మీ స్వామి చేసేది గూడ ఇదే. ఎచ్చగ ఎందుకుందంటే, అప్పుడే లోపల కూసోని వంచి తెచ్చిండు గనుక. సమజైందా?"

సైదమ్మ కోడలి కుడిచెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

"అత్తమ్మా! నేను చెప్పేది వింటున్నరా?"

"వింటున్న బిడ్డా. తూము తాళం కన్న కొడుక్కు గూడ ఇయ్యలే మీ మామ. జరమొచ్చి పండినప్పుడు గూడ మొలతాడుకే కట్టుకున్నడు. గసుంటాయిన, తన పేరున్న సామాను నీ చేతుల పెట్టిండు. ఆయిన ఒప్పకుంటే తెగుతదా గిది?"

"పద్దెనిమిది సార్లు వంచితే ఎవరి పేరున్నా తెగుద్ది!"

"స్వామి చెంచ మీద ఎవల పేరున్నది? ఎవలది లేదు. గాయిన మాట నేనెందుకు ఇనాలె?" సైదమ్మ కాలు ముడుచుకుని సరిగ్గా కూర్చుంది. "తే గోళీ. నీ చేత్తోనే ఇయ్యి."

సంతోషి ముక్కుపుటాలు అదిరాయి. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినా తక్కువే. కానీ అత్త చెయ్యి చాపి ఉంది. పుండుకు కట్టిన గుడ్డ మీద పసుపుపచ్చటి తడి కనిపిస్తోంది. ఆమె లేచి బీరువా మీది డబ్బా దించింది. గోళీ ఇచ్చింది. నీళ్లు తాగాక "నోరు తెరవండి" అంది. నాలుక కింద కూడా చూసింది. ఖాళీ.

"సోమారం సోమారం ఒక చెంచ," అంది సైదమ్మ మూతి తుడుచుకుంటూ. "ఆయిన మాట మీదున్నడో లేడో నాకు తెల్వాలె గద. వారమంత గోళీలకు అడ్డం చెప్ప."

ఆ సాయంత్రం ఫోన్లో సంగతంతా విని మహేందర్ సార్ చాలాసేపు నవ్వాడు. "అయితే స్వామమ్మ దర్శనం ఎప్పుడు దొరుకుతది?" అన్నాడు. సంతోషి ఫోన్ పెట్టేసింది. మూడో రోజు జంగమ్మ మోకాలు పట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"డాక్టరు దగ్గరికి పో జంగమ్మత్తా."

"పోత గాని, ముందుగాల నీ చెయ్యి జర గీడ పెట్టరాదు."

పెట్టలేదు. ప్రతి సోమవారం చెంచా తెగిన తర్వాత మాత్రం సంతోషి అదే పాఠం మొదటి నుంచి చెబుతుంది. ఎన్నిసార్లు వంచిందో, గీత ఎక్కడ పడిందో, అన్నీ. సైదమ్మ శ్రద్ధగా వింటుంది, తల ఊపుతుంది, చెయ్యి చాపుతుంది. పదిహేను రోజుల గడువు అయ్యేసరికి పుండు అంచులు ఎండాయి. డాక్టరు వేలు మాట ఎత్తలేదు. అయిదు వారాలకు షుగరు నూట డెబ్బైకి దిగింది.

"ఏం మార్చారు?" అన్నాడు.

"గోళీలు వేసుకుంటున్నదండీ. అంతే," అంది సంతోషి.

క్షేమంగా ఉన్నది అత్త కాలు ఒక్కటే. చెంచాల స్టాండు ఖాళీ అవుతూ వచ్చింది. రెండే మిగిలిన వారం ఆమె బడి నుంచి వస్తూ కోదాడలో బస్సు దిగి, నాలుగేళ్ల కింద చెంచాలు కొన్న స్టీలు సామాన్ల షాపుకే నడిచింది. పేర్లు కొట్టే బాలాజీ ఆమెను గుర్తుపట్టాడు.

"రండి మేడం. ఏం కావాలి?"

"చెంచాలు. రెండు డజన్లు."

అతను తీసి పరిచాడు. సంతోషి ఒకటి ఎత్తి మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి పక్కన పెట్టింది.

"ఇవి వద్దు. మెడ లావుగ ఉంది. సన్నవి చూపించు."

"సన్నవి ఆగవు మేడం, తొందరగా విరుగుతయ్యి."

"అవే ఇయ్యి."

బాలాజీ ఆమె వైపొకసారి చూసి సన్నవి తీశాడు. మిషన్ వైరు ప్లగ్గులో పెట్టాడు. "పేరు?"

"నాగయ్య. పోయినసారి లాగే. చుక్కలు లోతుగ పడాలె, వేలికి తెలవాలె."

"సంవత్సరీకానికా మేడం?"

"కాదు."

"మరి?"

రోడ్డు మీద మిర్యాలగూడ బస్సు హారన్ కొడుతూ పోయింది. సంతోషి బ్యాగు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదకు మార్చుకుంది.

"షుగర్ గోళీలకు," అంది. "నువ్వు కొట్టు."