రాయెన్ వాళ్ళ తియా ఎలిసా

బొగ్గు గని మూసేసిన ఏడాది లోతా అనే ఊళ్ళో మగవాళ్ళకు కొత్త పనులు నేర్పిస్తామని ప్రభుత్వం వాళ్ళు వ్యాయామశాలలో బల్లలు వేసుకుని కూర్చున్నారు. వెల్డింగు బల్ల ముందు పెద్ద వరస. రొట్టెల బట్టీ బల్ల ముందు ఇంకో వరస. క్షవరం పని నేర్పే బల్ల దగ్గర కూడా, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూనే, కొందరు నిలబడ్డారు. గోడవారగా ఉన్న చివరి బల్ల పసిపిల్లల సంరక్షణది. దాన్ని కార్మికుల భార్యల కోసం వేశారు. ఆ ఆడవాళ్ళ మధ్య ఎలిసెయో మొన్సాల్వె ఒక్కడే మగాడు.

"ఒరేయ్ ఎలిసెయో, వరస తప్పావురా!" అని వెల్డింగు వైపు నుంచి ఎవరో అరిచారు.

"తప్పలేదులే."

"మరి పిల్లలకి పాలెక్కణ్ణుంచి ఇస్తావురా?"

"సీసాతో. నువ్వు రోజూ తాగేది కూడా సీసాతోనేగా!"

వ్యాయామశాల అంతా నవ్వింది. ఎలిసెయో నవ్వుతూనే సంతకం పెట్టాడు. ఇంటికెళ్ళి చెబితే అతని భార్య ఒర్తెన్సియా పొయ్యి మీది కెటిల్ దింపి, అతని ముఖంలోకి చూసి, "నిజంగానే?" అంది. ఇద్దరు కూతుళ్ళు పుట్టి పెరుగుతుంటే అతను సముద్రం అడుగుదాకా సాగిన గనిలో బొగ్గు తవ్వుతూ ఉండిపోయాడు. వాళ్ళు ఎప్పుడు నడక నేర్చారో అతనికి తెలియదు. ఆ సంగతి ఒర్తెన్సియాకు తెలుసు కాబట్టి ఇంకేమీ అడగలేదు.

ఎత్తు మీది పేటలో ఉన్న బాలవాడిలో అతనికి పని దొరికింది. రెండేళ్ళ పిల్లల గది. అందరు టీచర్లలాగే ఆకుపచ్చ గౌను తొడుక్కునేవాడు. భుజాల దగ్గర అది చాలకపోతే ఒర్తెన్సియా కుట్లు విప్పి కలిపి కుట్టింది. గనిలో అతనికి ఒక అలవాటు పడింది. చీకట్లో ఎవరి మీదైనా చెయ్యి వేసే ముందు పేరు పెట్టి పిలవాలి, లేకపోతే ఉలిక్కిపడి దెబ్బ తగిలించుకుంటారు. ఆ అలవాటు అతనితో పాటే గదిలోకి వచ్చింది. బిడ్డను ఎత్తుకునే ముందు, ముక్కు తుడిచే ముందు, డైపర్ విప్పే ముందు పేరు పిలిచి, ఆ బిడ్డ తనవైపు చూసేదాకా ఆగేవాడు. తోటి టీచర్ మరిత్సా మొదట్లో నవ్వింది. తర్వాత తనకు తెలియకుండానే తనూ అలాగే చెయ్యసాగింది.

అక్కడ బాలవాడి టీచర్‌ను ఎవరైనా 'తియా' అనే పిలుస్తారు. పిన్ని అన్నమాట. మగవాణ్ణయితే 'తియో' అనాలి. కానీ రెండేళ్ళ పిల్లలకు తియా అంటే పిన్ని కాదు. ఆకుపచ్చ గౌను వేసుకుని, అన్నం పెట్టి, ఏడిస్తే ఎత్తుకునే మనిషి. అందుకని ఎలిసెయో కూడా వాళ్ళకు తియాయే అయ్యాడు; పేరు పూర్తిగా నోరు తిరగక 'తియా ఎలిస' అయ్యాడు. తల్లులు దిద్దబోతే, "ఉండనివ్వండమ్మా, వాళ్ళకు అర్థమయ్యే పిలుస్తున్నారు" అనేవాడు. అలా పన్నెండేళ్ళు గడిచాయి.

ఈ పిలుపే చివరికి గొడవ తెచ్చింది.

రమీరో ఫియెర్రో కొన్సెప్సియోన్ నగరానికి వెళ్ళే బస్సు నడుపుతాడు. తెల్లవారకముందే వెళ్ళి పొద్దుపోయాక వస్తాడు. కూతురు రాయెన్‌ను భార్యే దింపుతుంది, భార్యే తెచ్చుకుంటుంది. ఇంట్లో ఆ పిల్ల పొద్దస్తమానం "తియా ఎలిస, తియా ఎలిస" అంటుంటే, ఎలిసా అనే టీచరమ్మ ఎవరో ఉందని అతను అనుకున్నాడు. శీతాకాలంలో ఆమె కోసమని ఆపిల్ కేకు కూడా పంపించాడు. భార్య నవ్వాపుకుని ఊరుకుంది. వసంతంలో ఒకరోజు సెలవు దొరికి తనే పిల్లను తీసుకొచ్చాడు. గుమ్మంలో మీసాల మనిషొకడు మోకాళ్ళ మీద కూర్చుని, "రాయెన్" అన్నాడు. పిల్ల తండ్రి చేతుల్లోంచి అతని మెడ మీదికి దూకింది.

"తియా ఎలిస!"

రమీరో నేరుగా డైరెక్టర్ ఇర్మా గదిలోకి వెళ్ళి ఫిర్యాదు చేశాడు.

మర్నాడు ఇర్మా ఎలిసెయోను పిలిచింది. "నిన్నెవరూ ఏమీ అనట్లేదు. ముట్టుకోకుండా ఉండే పనులు చూసుకో, అంతే. పెరట్లో ఆటలు ఆడించు, హీటర్లు బాగుచెయ్యి. డైపర్లు మరిత్సా చూసుకుంటుంది."

"అంటే నేను టీచర్ని కాదన్నమాట."

"జీతం అదేగా ఎలిసెయో."

"జీతం గురించి కాదండీ. తల్లిదండ్రుల్ని పిలవండి. వాళ్ళు వద్దంటే గౌను విప్పేస్తాను."

శనివారం తల్లిదండ్రులు చిన్న కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. వెనక గాస్తోన్ అనే మనిషి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేపల ఫ్యాక్టరీలో పని పోయి, ఆ ఏడే పిల్లల సంరక్షణ కోర్సులో చేరాడు. మార్చిలో, కొత్త బడి ఏడాది మొదలవగానే, పని నేర్చుకోవడానికి ఇక్కడికే రావాలి. రావాలో వద్దో తేల్చుకోవడానికి వచ్చాడు.

"నన్ను మోసం చేశారు," అన్నాడు రమీరో. "ఆడమనిషనుకుని కేకు పంపాను."

"బావుందండీ కేకు," అంది మరిత్సా.

"మరి ఆ ఎలిసా బంగారమన్నావుగా!" ముందు వరసలోంచి ఒక అమ్మమ్మ అందుకుంది. "బస్సెక్కినప్పుడల్లా చెప్పావు. ఎలిసా వల్లే మా పిల్ల పప్పు తింటోంది, ఎలిసా వల్లే రాత్రిళ్ళు ఏడవట్లేదు అని. ఇప్పుడేమైంది, మీసాలొచ్చాయా?"

అందరూ నవ్వారు. రమీరో చెవులు ఎర్రబడ్డాయి. "నవ్వండి. నాకు కూతురుంది. నాకు భయం."

ఎలిసెయో లేచాడు. "ఆయన్ని చూసి నవ్వకండి. నాకూ కూతుళ్ళున్నారు, నేనైనా అడిగేవాణ్ణే. డైపర్లు మార్చే గది తలుపుకి గాజు పెట్టించండి, ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చు. కానీ అది నా ఒక్కడి కోసం కాదు. లోపల ఎవరున్నా అదే తలుపు, అదే గాజు."

"నన్ను కూడా చూస్తారా?" అంది మరిత్సా.

"నిన్ను కూడా."

మరిత్సా కాస్త ఆలోచించి, "సరే, చూడనీ. నా పనికేం తక్కువ?" అంది.

"ఇంకొక్క మాట," అన్నాడు ఎలిసెయో. "నాకు హీటర్లు బాగుచెయ్యడం వచ్చు. అవే బాగుచెయ్యాలంటే పన్నెండేళ్ళ కిందట వేరే బల్ల దగ్గర నిలబడేవాణ్ణి. ఈ పనిలోంచి సగం తీసి నాకిస్తే, నా వెనక వచ్చే మగవాళ్ళకు కూడా ఆ సగమే మిగులుతుంది. అప్పుడు ఎవరూ రారు."

ఎలిసెయో పాత పనే చెయ్యాలనేవాళ్ళను చేతులెత్తమంది ఇర్మా. చాలా చేతులు లేచాయి. రమీరో చెయ్యి లేవలేదు. "గాజు పెట్టాక వచ్చి చూస్తాను," అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. సెలవు పెట్టుకుని, గాజు అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎలిసెయో వెనక్కి తిరిగి చూడలేదు. పిల్లను పిలిచాడు, ఆగాడు, తుడిచాడు, కొత్తది కట్టాడు. రాయెన్ తన పాదం పట్టుకుని అతనికి ఏదో పెద్ద కథ చెబుతోంది. పని అయ్యాక తలుపు కొద్దిగా తెరుచుకుంది.

"ఇంట్లో దీనికి డైపర్ మార్చాలంటే ఇద్దరం పట్టుకోవాలి. తంతుంది," అన్నాడు రమీరో. గొంతులో ఇంకా ఫిర్యాదే ఉంది. "నీ దగ్గర ఎందుకు తన్నదు?"

"చెబితే నమ్మరు. తర్వాతి సారి మీరే మార్చండి, పక్కనుండి చూపిస్తాను."

మార్చి మొదటి సోమవారం గాస్తోన్ వచ్చాడు. అతని భుజాలకు ఏ గౌనూ పట్టక ఒర్తెన్సియా రంగు కలిసే పాత దుప్పటి కత్తిరించి ఒకటి కుట్టి పంపింది. కొత్త పిల్లలకు అది మొదటి రోజు; గది నిండా ఏడుపులు. చొక్కా అంచు నములుతూ ఏడుస్తున్న పిల్లవాడొకడు గాస్తోన్ కాళ్ళ దగ్గరికి వచ్చి, తల పైకెత్తి, రెండు చేతులూ చాచాడు.

గాస్తోన్ బెదిరిపోయి ఎలిసెయో వైపు చూశాడు. "నువ్వు రా, నాకు..."

ఎలిసెయో చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కదలలేదు. మరిత్సా రెండడుగులు ముందుకు వేస్తే కళ్ళతోనే ఆపాడు.

గాస్తోన్ వంగాడు. పెద్ద గొంతుకను ఎక్కడ దాచాలో తెలియక, గుసగుసగా పిల్లవాడి పేరు అడిగాడు. వెక్కుల మధ్య జవాబు ఎవరికీ అర్థం కాలేదు. అతను మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగేసరికి పిల్లవాడు అతని చెవి పట్టుకుని భుజం మీద ముక్కు తుడుచుకున్నాడు. అప్పుడు గాస్తోన్ వాణ్ణి ఎత్తుకుని, ఒకప్పుడు బొగ్గు ఓడలు ఆగిన రేవు కనిపించే కిటికీ వైపు నడిచాడు.