అమ్మవారు కాదు, గోలీ

జూలై పద్నాలుగు, ఆదివారం. హుజూరాబాద్‌లో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య సుశీల, మా వదిన రాజవ్వ.

ఆ పొద్దున సుశీల ఛాతీ మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. జ్వరం. పెదవుల మీద పుండ్లు. వదిన చూసి చేతులు జోడించింది.

“అమ్మవారు పోసింది మరిదీ. వేపాకు తెప్పియ్యి. గోలీలు ముట్టద్దు, దవాఖానకు పోవద్దు.”

“గోలీ ఎట్ల ఆపుతం వదినా? గివన్నీ పాత మాటలు,” అన్నాను.

సుశీల ముఖం నరం నొప్పికి రెండు వారాల క్రితం డాక్టర్ కార్బమాజెపిన్ గోలీలు రాశారు. ఆ రోజు కూడా రెండు పూటలా నేనే వేశాను, డైరీలో టిక్కు పెట్టాను. కరెంటు సబ్‌స్టేషన్‌లో గంటగంటకు రీడింగులు రాస్తూ రిటైరైనవాణ్ని. టిక్కు పెట్టనిదే నాకు అన్నం సయించదు. ఆస్పత్రి విషయంలో మాత్రం వదిన మాటే విన్నాను. అమ్మవారైతే దానంతట అదే తగ్గుతుందనుకున్నాను.

మంగళవారానికి మచ్చలు పొక్కులై చర్మం ఊడసాగింది. కళ్లు అతుక్కుపోయాయి. కరీంనగర్ తీసుకుపోయాం. ఎమర్జెన్సీలో నర్సు అడిగిన మొదటి మాట: “కొత్తగ ఏమన్న గోలీ సురువు చేసిన్రా బాపూ?”

డైరీ ఇచ్చాను, కాస్త గర్వంగానే. ఆమె టిక్కులు చూసి వెంటనే డాక్టర్‌ను పిలిచింది.

“డ్రగ్ రియాక్షన్. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ లాగుంది. ఈ ట్యాబ్లెట్ ఇక జన్మలో వెయ్యొద్దు. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేం,” అన్నారాయన.

“కండ్ల మంట ఎప్పటిసంది?” అంది నర్సు. పేజీలు తిప్పాను. ఎక్కడా లేదు.

పుండ్ల నోటితో సుశీలే చెప్పింది. “శుక్రారం చెప్పిన. టైమైంది, ముందు గోలీ ఏసుకో అన్నవ్.”

ఐసీయూలో పన్నెండు రోజులు. నర్సులు మాటిమాటికీ సెలైన్‌తో కళ్లు కడిగేవారు. మధ్యలో ఇన్‌ఫెక్షన్ వచ్చి జ్వరం తిరగబెట్టింది. పదో రోజు ఆమె రెప్పలు విడదీసి నన్ను చాలాసేపు చూసింది.

“అంగీ గుండీలు తప్పు పెట్టుకున్నవ్,” అంది. బయటికి పోయి ఏడ్చాను.

డిశ్చార్జ్ రోజు డాక్టర్, “ఇది జెనెటిక్ కూడా కావచ్చు. ఈమె తోబుట్టువులకు, పిల్లలకు ఈ మందు పేరు చెప్పండి,” అన్నారు. అందరికీ ఫోన్ చేశాను. వదిన, “గోలీలు ముట్టద్దని నేను చెప్పలే?” అంది. దవాఖానకు పోవద్దన్నదీ ఆమెనే. ఇద్దరిదీ చెరి సగం తప్పు.

ఇప్పుడు సుశీలకు చూపుంది. కళ్లు పొడిబారాయి, రోజూ చుక్కలు వేయాలి. ఆ మందు పేరు రాసిన చీటీ ఆమె పర్సులో ఉంటుంది. నేను చెప్పగలిగింది ఒక్కటే: కొత్త మందు మొదలైన తేదీ రాయండి, దాని పక్కన రోగి చెప్పిన మాట కూడా రాయండి. కళ్లమంట, నోటిపుండ్లు, మచ్చలు కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున చుక్కలు వేసి, టిక్కు పెట్టబోయి ఆగాను.

“ఎట్లుంది?” అన్నాను.

“ఇన్నేండ్లకు అడుగుతుండు సారు! రాసుకో. ఎడమ కంట్ల ఇసుక పోసినట్టుంది. చాయ్ సల్లారింది.”

రెండూ రాశాను.