గోడలో గేటు

నాగరికత చరిత్రలో కొన్ని మహాయాత్రలకు తగిన గుర్తింపు రాలేదు. వాటిలో మొదటిది, పట్టణ ప్రణాళికాధికారి ప్రతి ఉదయం పాల ప్యాకెట్టు కోసం జరిపే కారు యాత్ర. పాలకొట్టు ఆయన వంటింటి కిటికీలోంచి కనబడుతుంది. కొట్టువాడు దగ్గితే వినబడుతుంది కూడా. మధ్యలో అడ్డం కాలనీ ప్రహరీ గోడ. అందుకని ఆయన కారు తీసి, కాలనీ అంతా చుట్టి, పెద్దరోడ్డెక్కి, సిగ్నలు దగ్గర మునిలా మౌనం వహించి, కొట్టు ముందు దిగి, పాలు చేజిక్కించుకుని విజయుడై తిరిగొచ్చేవాడు.

ఆఫీసులో ఆయన పని, జనం కాళ్ళకు పని చెప్పే పేటలను గీయడం. ఇంటి నుంచి బడికీ, బజారుకీ, బస్టాపుకీ హాయిగా నడిచిపోవాలి. పెట్రోలు మిగలాలి, పొగ తగ్గాలి. మధ్యాహ్నం ఏ చెట్టు నీడ ఏ బెంచీ మీద పడాలో కూడా గీసేవాడు. అందరూ "నడక సారు" అనేవాళ్ళు. ఒకప్పుడు కాలనీ కార్యదర్శిగా, దొంగలొస్తారని అందరినీ హడలగొట్టి ఆ గోడ కట్టించింది కూడా నడక సారే.

పాలకొట్టు పక్కనే బస్టాపు. టీచరైన ఆయన భార్య ఆ బస్సు కోసం రోజూ గోడ చుట్టూ ప్రదక్షిణ చేసేది. చివరికి మోకాలు మొరాయించింది.

"కార్లో దింపుతాను కదే!"

"మీ ఆఫీసు ఆ కొసన, నా బడి ఈ కొసన. నన్ను దింపి మీరెప్పుడు పోతారు? గోడకి గేటు పెట్టించండి. లేదా నెలాఖరుకి ఉద్యోగం మానేస్తా. ఇంట్లో కూర్చుని మీ ప్లాన్లన్నీ దిద్దిపెడతా."

ఉద్యోగం మాట ఎలా ఉన్నా, ఆ చివరి మాటకు సారు గుండె గుభేలుమంది.

ఆదివారం కాలనీ సమావేశంలో ఆయన ఇంధన పొదుపు మీద గంభీరంగా ప్రసంగించాడు. ముందువరసలో ఇద్దరు కునుకు తీశారు.

"గేటు పెడితే దొంగలు రారూ? అప్పట్లో మీరే కదండీ మమ్మల్ని భయపెట్టింది!" అన్నాడు అధ్యక్షుడు.

టీచరమ్మ లేచింది.

"దొంగకి గేటెందుకు అన్నయ్యగారూ? గోడ దూకేస్తాడు. దూకలేనిది నేనూ, వదినగారూ."

మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న అధ్యక్షుడి భార్య తలెత్తి భర్త వంక ఒక చూపు చూసింది. తీర్మానం నెగ్గింది.

గేటు సరిగ్గా సారు పెరటి వెనకే పెట్టారు. ప్రారంభోత్సవం నాటి ఉదయం రిబ్బను కట్టారు, కాలనీ అంతా నడిచొచ్చి గుమిగూడింది. అందరూ సారు ప్రసంగం కోసం ఎదురుచూస్తుండగా అవతల బస్సు హారను మోగింది.

"కాస్త జరగండమ్మా" అంటూ టీచరమ్మ రిబ్బను పైకెత్తి, కింద నుంచి దాటి, బస్సెక్కి బడికి పోయింది.

సారు ఇంకా రాలేదు. కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నాడు.