నీలం తీగ వెంట నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా

ఇంటికి ఇంటర్నెట్ రావడమంటే కొత్త అల్లుడు దిగినంత హడావిడిగా ఉండే కాలం అది. కంప్యూటర్ మీద కప్పిన ఎంబ్రాయిడరీ గుడ్డ తీసి, మానిటర్ తుడిచి, ఇంటిల్లిపాదీ చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంటే అల్లుడుగారు అలిగి గదిలోంచి బయటికే వచ్చేవారు కాదు. ఎవరైనా ఫొటో పంపితే ముందు నుదురు కనబడేది. లేచి వెళ్ళి పప్పుకు పోపు పెట్టి వస్తే మీసాల దాకా దిగేది. ఇప్పుడు మా వయసువాళ్ళంతా కలిసినప్పుడు "ఆ రోజుల్లో మనకు ఎంత ఓపికో" అని మురిసిపోతుంటారు. వాళ్ళ సంగతి నాకు తెలియదు. నాకు గుర్తున్నదల్లా కోపం. నిద్ర లేచింది మొదలు పళ్ళు కొరుకుతూ తిరిగేదాన్ని. (మా అమ్మ దీన్ని పిత్తం అనేది. వాము నీళ్ళు తాగించేది. తగ్గలేదు.)

అప్పుడు మేం నాంపల్లి స్టేషన్ వెనక ఒక సందులో, రెండో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్ళం. డిగ్రీ అయిన వెంటనే నేను మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనే పనిలో చేరాను. ఎక్కడో డాక్టర్లు రోగుల గురించి గొణిగి రికార్డు చేసిన ఫైళ్ళు నెట్‌లో వస్తాయి. వాటిని విని, టైపు చేసి, మళ్ళీ నెట్‌లోనే తిప్పి పంపాలి. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమని మా వాళ్ళు చర్చి అంతా చెప్పుకున్నారు. ఆ పనిలో నాకు తోడు మా మేనత్త. ఒక మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరై మాతోనే ఉండేది. నాకు అంతుపట్టని రోగాల పేర్లు విడమర్చి చెప్పేది. చర్చిలో స్త్రీల సమాజం పాడేటప్పుడు మైకు చెడిపోయినా ఎవరికీ తెలిసేది కాదు, ఆమె గొంతు అలాంటిది.

మాకు నెట్ ఇచ్చినవాడు లోకల్ కేబుల్ ఆయన. మాట మాటకీ "స్పీడ్, స్పీడ్" అనేవాడు కాబట్టి ఇంట్లో ఆయన పేరు స్పీడన్న. మేడల మీదుగా ఒక నీలం తీగ లాగి మా కిటికీలోంచి దూర్చి వెళ్ళాడు. పొద్దున్న బాగానే ఉండేది. పది దాటితే చాలు, నత్తకు జ్వరమొచ్చినట్టు అయిపోయేది. ఫోన్ చేస్తే "మేడం, జర బంద్ చేసి మళ్ళ చాలూ చేయున్రి" అనేవాడు. చేశాను. "మీ కంప్యూటర్ల వైరస్ ఉన్నది" అన్నాడు. ఉన్నవన్నీ చెరిపేసి మళ్ళీ ఎక్కించాను. "ఎలుక కొరికింది" అన్నాడు. కొత్త తీగ వేయించాను. తర్వాత పావురాలు కూర్చుంటున్నాయన్నాడు, ఎండకు తీగ మెత్తబడిందన్నాడు, చివరికి "సముద్రంల కేబుల్ తెగింది మేడం, నేనేం చేస్త?" అన్నాడు. అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "అరే, నాంపల్లిల సముద్రం యాడుందిరా?" అని అరిచింది. అవతల ఫోన్ పెట్టేశాడు.

ఇంతలో మా సూపర్‌వైజర్ మేడం, ఇంకొక్క ఫైలు ఆలస్యమైనా ఇక రానవసరం లేదని చెప్పేసింది. మర్నాడే, సాయంత్రం లోపు పంపాల్సిన ఫైలు సగం దాకా పోయి ఆగింది. మళ్ళీ పంపాను. మళ్ళీ ఆగింది. నేను కీబోర్డును రెండు చేతులా గుద్దాను. (దానిలో ఒక అక్షరం ఆ రోజు నుంచి పనిచేయలేదు.) అత్త నా వైపు చూసి, చీర కొంగు నడుముకు దోపింది.

"గిట్ల ఏడుస్తె నెట్ వస్తదానె? వాడు ఫోన్ల నిజం చెప్పడు. లెవ్వు. ఆ వైరు యాడికి పోతదో సూసి, ఆ కొసకు ఎవడున్నడో వాన్నే అడుగుదాం."

ఫైలును ఫ్లాపీలో ఎక్కించుకుని సంచిలో వేసుకున్నాను. ఇద్దరం మేడెక్కాం. మా నీలం తీగ పక్క మేడ మీదికి పోయింది. అక్కడ ఒక తాతయ్య వడియాలకు కాపలాగా పడక్కుర్చీలో కూర్చున్నాడు. పాత హైదరాబాదీ, లెక్కల మాస్టరు చేసి రిటైరైన మనిషి. సంగతి చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నాది గూడ గదే హాలత్ బిడ్డా! నెట్‌ల చెస్ ఆడుత. నేను గుర్రం జరిపే లోపల టైం అయిపోయింది, ఓడిపోయినవ్ అంటది కంప్యూటర్. గెలిచే ఆటలన్ని ఓడిపోతున్న. ఉండున్రి, చెప్పులేసుకొని వస్త."

అలా ముగ్గురమయ్యాం. అక్కడి నుంచి తీగ రోడ్డు దాటింది, మేం కిందికి దిగి తలలు పైకెత్తి దాని వెంట నడిచాం. నాంపల్లి రోడ్డు మీద మధ్యాహ్నం పూట ఆకాశం చూస్తూ నడవడం అంత సులువు కాదు. నేను ఒక జామపళ్ళ బండిని ఢీకొన్నాను. "ఏమైందమ్మా, పతంగి పోయిందా?" అని ఆ బండాయన కూడా పైకి చూశాడు. ఆయన్ని చూసి ఇంకొందరు చూశారు. తాతయ్య అందరికీ ఓపికగా తన గుర్రం కథ చెబుతూ వచ్చాడు. చెప్పినకొద్దీ నాకు కోపం పెరిగింది. ఆబిడ్స్ చేరేసరికి చెవులు వేడెక్కిపోయాయి. తీగ ఒక మిఠాయి దుకాణం పైనున్న గదిలోకి దూరింది. మెట్ల దగ్గర బోర్డు: ఇంటర్నెట్ కేఫ్, ఫుల్ స్పీడ్.

లోపల వరుసగా కంప్యూటర్లు, అన్నిటి ముందూ మనుషులు, కౌంటర్ వెనక స్పీడన్న. ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో తాతయ్య చటుక్కున కూర్చుని తన చెస్ తెరిచాడు. కన్ను మూసి తెరిచేలోపు బల్ల, పావులు అన్నీ వచ్చేశాయి.

"అరె! గీడ గుర్రాలు ఉరుకుతున్నయి!" అన్నాడు, మోసం బయటపడ్డ బాధ ఒక పక్క, సంతోషం ఒక పక్క.

ఇండ్లకు రాని స్పీడు ఇక్కడెలా వస్తోందని అత్త నిలదీసింది. స్పీడన్న తల గోక్కున్నాడు. "జర ఠండా కాండ్రి మేడం. పగటి పూట కేఫ్‌కి ఎక్కువ ఇస్త, ఇండ్లకు తక్కువ. ఇంట్ల ఉండేది ఆడోళ్ళు, ముసలోళ్ళు. వాళ్ళకు పగలు నెట్‌తోని ఏం పనుంటది అనుకున్న."

తీగల గురించి ఇంకేం చెప్పినా ఓర్చుకునేదాన్నేమో. ఆ మాటకు నా నోరు తెరుచుకుంది. అప్పటికి నెలల తరబడి పగలూ రాత్రీ రోగాలే టైపు చేస్తున్నానేమో, తిట్లు కూడా అవే వచ్చాయి. "నీ మెదడుకు రక్తం అందట్లేదు! గుండెలో వాల్వులన్నీ మూసుకుపోయాయి! నరాలు గడ్డకట్టాయి! నిన్ను వెంటనే ఐసీయూలో పెట్టాలి!" అని గొంతు చించుకున్నాను. పక్కనున్న ఒక కస్టమర్ గాభరాగా లేచి, "అన్నా, నువ్వు కూసో ముందు" అని స్పీడన్నకు కుర్చీ ఇచ్చాడు. మా అత్త వెంటనే ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ఇంత జోరుగా కొట్టుకునేది తప్పు చేసినోడికే అంది.

ఆ తర్వాత ఆమె చేసినది నేను ఊహించలేదు. గది మధ్యలో నిలబడి, "అందరు కండ్లు మూసుకోండ్రి, ప్రార్థన చేద్దాం" అని గట్టిగా ఆజ్ఞాపించింది. మైకు అవసరంలేని గొంతు. ఏ మతం వాళ్ళయినా సరే, కేఫ్‌లో ఉన్నవాళ్ళంతా కీబోర్డుల మీంచి చేతులు తీసేశారు. తాతయ్య చెప్పులు విడిచాడు. స్పీడన్న కూడా తల దించుకున్నాడు.

"ప్రభువా, ఈ బిడ్డ మనసుల ఉన్న అడ్డు తీసెయ్యి. వైరుల ఉన్న అడ్డు గూడ తీసెయ్యి. మా పిల్ల కొలువు నిలబెట్టు. ఇండ్లల్ల కూసొని పనిజేసేటోళ్ళ కష్టం వీనికి తెలువనియ్యి. రేపు మళ్ళ నన్ను గీడికి రానియ్యకు, ఎందుకంటె రేపు వస్తె పాట గూడ పాడుత. ఆమెన్."

"ఆమెన్" అన్నారు అందరూ. అందరికంటే ముందు స్పీడన్నే అన్నాడు. లేచి తన కంప్యూటర్ నాకు ఇచ్చాడు. ఫ్లాపీ పెట్టి ఫైలు పంపాను. తెర మీది గీత కొసదాకా సాఫీగా సాగింది. కాసేపటికి సూపర్‌వైజర్ మేడం నుంచి జవాబు: అందింది. ఆ ఒక్క మాట చూసి నాకు ఏడుపొచ్చింది. కోపంలో ఏడిస్తే మర్యాద పోతుందని ముక్కు చీదుకుంటున్నట్టు నటించాను.

ఆ రోజు నుంచి పగలు కూడా ఇంట్లో నెట్ పనిచేసుకునేంతగా వచ్చింది, నా ఉద్యోగమూ నిలిచింది. స్పీడన్న రోడ్డు మీద అత్తను చూస్తే దూరం నుంచే నమస్తే పెట్టి పక్క సందులోకి తిరిగేవాడు. తాతయ్య మాత్రం వారం తిరగకుండానే మేడ మీంచి కేకేశాడు: "బిడ్డా, నెట్ మంచిగనే ఉన్నది. ఇప్పుడు నా సొంత తెలివితోనే ఓడిపోతున్న!"

అత్త ఇప్పుడు లేదు. ఆ ఇల్లూ మారిపోయాం. మొన్న మా ఇంట్లో నెట్ ఆగిపోతే కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. రికార్డు చేసిన గొంతు ఒకటి, అసౌకర్యానికి చింతిస్తున్నామని తీయగా చెప్పింది. నేను అంతే తీయగా, "పర్వాలేదండి, నిదానంగా చూడండి" అన్నాను. ఎవరూ లేరక్కడ, టేపుకు చెప్పాను ఆ మాట. ఫోన్ పెట్టేసి, ఎంత మంచిదాన్ని అయిపోయానో అని కాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.