రిబ్కమ్మ దాచిన పన్నెండు రోజులు

మనూర్ దగ్గరి ఆ పల్లెలో బీపీ ఉన్నవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. ఎవరి మాత్రలు ఏ డబ్బాలో ఉంటాయో, అడిగితే ఎవరు నిజం చెబుతారో, ఎవరు అబద్ధమాడతారో రిబ్కమ్మకు కంఠతా వచ్చు. పద్నాలుగేళ్ళుగా ఆ ఊరి ఆశా కార్యకర్త ఆమే. ఊళ్ళో చిన్నా పెద్దా అంతా 'ఆశమ్మా' అనే పిలుస్తారు. సొంత పేరు చర్చిలో తప్ప పెద్దగా వినిపించదు.

కిందటి జూన్‌లో నారాయణఖేడ్ దవాఖాన నుంచి నర్సు ఉమారాణి వచ్చింది.

"రిబ్కమ్మా, మీ ఊర్ల బీపీ ఉన్నోళ్ళ ఫోన్ నంబర్లన్నీ రాసియ్యి. ఇగ రోజు పొద్దున వాళ్ళకు మెసేజ్ పోతది" అంది.

రిబ్కమ్మ రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి, నంబర్లన్నీ తన చేత్తోనే రాసిచ్చింది.

పదిహేను రోజుల తర్వాత దేవప్ప ఇంటికి వెళ్ళింది. దేవప్ప బస్ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆరేళ్ళుగా ఆమెను ముప్పుతిప్పలు పెట్టినవాడు. మాత్రలు వేసుకున్నానని చెప్పి చూరులో దాచేవాడు. ఆ రోజు మాత్రం గడపలోనే ఎదురొచ్చి, ఫోన్ ఆమె కళ్ళ ముందు పెట్టాడు.

'దేవప్ప గారూ, నమస్కారం. ఈ రోజు బీపీ మాత్ర వేసుకున్నారా? వేసుకుంటే 1, లేకపోతే 2 అని పంపండి.'

"సూసినవా ఆశమ్మా? గారూ అంట! మా ఇంట్ల నన్ను గారు అన్నోడు ఒక్కడు లేడు."

"మరి ఏసుకున్నవా?"

"గంత మర్యాదగ అడిగితే ఎందుకేసుకోను?"

"నేను ఆరేండ్ల సంది అడుగుత లేనా?"

"నువ్వు అడుగుడు ఏరే. నువ్వు లొల్లి చేస్తవు" అని నవ్వాడు దేవప్ప.

రిబ్కమ్మ కూడా నవ్వింది కానీ ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్ళినా ఆ మెసేజ్ ముచ్చటే. రామవ్వకు చదువు రాదు, అయినా పొద్దున్నే ఫోన్ మోగగానే మనవరాలితో చదివించుకుని, "నా పేరు పెట్టి అడుగుతుండ్రు" అని వాడంతా చెప్పుకుంటోంది. ఒకరోజు ఆమె రిబ్కమ్మ మీద జాలి కూడా పడింది.

"ఇగ నువ్వెందుకు ఎండల తిరుగుడు? మాకు ఫోన్ల వస్తనే ఉన్నది గద. ఇంటిపట్టున కూసో."

మంచికే అంది. కానీ తిట్టినా రిబ్కమ్మ అంత నొచ్చుకునేది కాదు.

అక్టోబర్‌లో నారాయణఖేడ్‌లో నెలవారీ మీటింగ్ జరిగింది. డాక్టర్ లేచి, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ లెక్క చదివాడు. దేవప్పకు నూట డెబ్బై ఎనిమిది నుంచి నూట ముప్పై ఆరుకు దిగింది. "ఇదంతా మెసేజ్‌ల వల్లే. ఉమారాణి బాగా చేసింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రిబ్కమ్మ కూడా కొట్టింది. ఉమారాణి ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని సిగ్గుపడుతూ నవ్వుతోంది. దేవప్ప చూరులో చెయ్యి పెట్టి, చీమలు పట్టిన మాత్రలు బయటికి లాగింది తను. తిట్లు తిన్నది తను. ఇప్పుడు పేరు ఉమారాణిది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పక్కవాళ్ళు ఏం మాట్లాడుతున్నారో రిబ్కమ్మ చెవికెక్కలేదు. ఆ ఫోన్ ఒక్కసారైనా తప్పు చెబితే బాగుండు, అది అందరి ముందూ బయటపడితే బాగుండు అనిపించింది.

అలాంటిది దొరకనే దొరికింది.

నవంబర్ మొదట్లో, బీపీ ఉన్న రైతు సంగప్ప ఇంటికి వెళ్ళింది. ఆయన పొలంలో ఉన్నాడు. కోడలు భాగ్య ఒక్కతే ఇంట్లో రొట్టెలు చేస్తోంది. మాత్రల డబ్బా తీసి చూస్తే అట్టల్లోంచి ఒక్క మాత్ర కూడా తీయలేదు. రెండు నెలల మాత్రలు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. కానీ ఎవరేం జవాబిచ్చారో ఉమారాణి నెలనెలా పంపే జాబితాలో సంగప్ప రోజూ తప్పకుండా '1' పంపుతున్నాడు.

"ఎవరు పంపుతుండ్రు భాగ్యా?"

"నేనే" అంది భాగ్య పిండి చేతులతోనే. "మామ పొద్దుగాల్నే పొలం పోతడు. ఫోన్ ఇంట్లనే ఉంటది. జవాబియ్యకపోతే మల్లా మల్లా మోగుతది. అందుకే ఒకటి నొక్కుత."

"మాత్ర ఎందుకు ఏసుకుంటలేడు?"

"ఏసుకుంటే కండ్లు తిరుగుతున్నయంటడు. నా మాట ఇంటడా?"

ఉమారాణికి అప్పుడే ఫోన్ చేయాలి. రిబ్కమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. కానీ ఇప్పుడు చెబితే ఉమారాణి గుట్టుగా సర్దుకుంటుంది. మీటింగ్ ఇంకో మూడు వారాల్లో ఉంది. అందరూ ఉన్నప్పుడు ఈ నిండు అట్టలు డాక్టర్ ముందు పెట్టాలి. ఉమారాణి ముఖం ఎలా మారుతుందో చూడాలి. ఫోన్ మళ్ళీ సంచిలో పెట్టేసింది. సంగప్పను కలిసి రెండు మాటలు చెప్పి ఉండాల్సింది. అదీ చేయలేదు. అలా పన్నెండు రోజులు గడిచాయి. ఆ రోజుల్లో ఎవరైనా మెసేజ్‌లను మెచ్చుకుంటే ఆమె పెదవి చివర నవ్వు వచ్చేది.

పదమూడో రోజు మధ్యాహ్నం సంగప్ప పత్తిచేనులో పడిపోయాడు. మూతి ఒక పక్కకు పోయింది, ఎడమ చెయ్యి లేవలేదు. రిబ్కమ్మ పరుగెత్తుకు వెళ్ళి బీపీ చూస్తే రెండు వందల పద్దెనిమిది. ఆయన్ను ఆటోలో నారాయణఖేడ్‌కు, అక్కడి నుంచి అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది.

ఆరు రోజులకు సంగప్పను ఇంటికి తెచ్చారు. చూడటానికి ఉమారాణి కూడా వచ్చింది. సంగప్ప కొడుకు మల్లేష్ వాకిట్లో నిలబడి భాగ్య మీద అరుస్తున్నాడు.

"ఒకటి నొక్కుకుంట కూసున్నది! మా నాయినను సంపుదామనుకున్నది! పో, మీ అమ్మగారింటికి పో!"

వాడకట్టంతా చూస్తోంది. భాగ్య గోడకు ఒదిగి నిలబడింది. రిబ్కమ్మ నోరు మెదపకపోతే తప్పంతా అక్కడితో భాగ్య మీదే ఆగిపోయేది. ఆమెకు ఆ సంగతి తెలుసు.

"మల్లేషూ, గామెను అనకు" అంది. "మీ నాయిన పడిపోకముందు పన్నెండు రోజుల సంది నాకు ఎర్కే. అట్టలు నా కండ్లతోటి సూసిన. చెప్పలే."

ఉమారాణి దగ్గరికొచ్చింది.

"ఎందుకు చెప్పలే?"

"నిన్ను మీటింగ్‌ల అందరి ముందట తప్పు పట్టిద్దామని. నీకు చప్పట్లు కొట్టిండ్రని నా కడుపు మండింది మేడం."

మల్లేష్ చాలా మాటలన్నాడు. మళ్ళీ ఈ గడప తొక్కొద్దన్నాడు. మంచం మీద నుంచి సంగప్ప ముద్దముద్దగా, "ఏసుకుంటలేనని నాకూ ఎర్కే గద. గామెనొక్కదాన్నెందుకంటరు?" అన్నాడు. ఆ మాట విని రిబ్కమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

తర్వాతి మీటింగ్‌లో డాక్టర్ ఆమెను నిలబెట్టి అందరి ముందూ మందలించాడు. ఆ హాల్లో ఆమె పేరు వినిపించడం అదే మొదటిసారి. ఆ రోజే ఇంకో మాట కూడా తేల్చాడు. ఇకపై రోజూ '1' పంపేవాళ్ళ ఇళ్ళకు ఆశాలు వారానికోసారి వెళ్ళి, ఖాళీ అట్టలు చూసి రావాలి. మెసేజ్ ఒక్కటే చాలదన్నాడు. తను కోరుకున్న మాటే అయినా అది ఆమెకు తీపిగా అనిపించలేదు.

ఉమారాణి పని మాటలు తప్ప మరేమీ మాట్లాడటం మానేసింది. రిబ్కమ్మ అసూయా పూర్తిగా చావలేదు. ఎవరైనా మెసేజ్‌ను పొగిడితే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది. కానీ ఆ రోజు చూసింది ఆ రోజే చెప్పేస్తోంది, మర్నాటికి ఉంచుకోవడం లేదు.

మూడు నెలలు మల్లేష్ ఇంటి బయటి నుంచే పలకరించి వెళ్ళేది. ఫిబ్రవరిలో ఒకరోజు భాగ్యే పిలిచి లోపల పీట వేసింది.

"ఆ దినం నువ్వు నోరిప్పకపోతే నేను ఈ పాటికి అమ్మగారింట్ల ఉందును" అంది. "అయినా ముందే చెప్పి ఉంటే మామ చెయ్యి మంచిగుండు" అని కూడా అంది.

రెండూ నిజమే. రిబ్కమ్మ సంగప్ప కుడి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట నలభై రెండు, తొంభై. పుస్తకంలో రాసుకుని, చెప్పులు వేసుకుని, పక్క ఇంటికి నడిచింది.